గృహహింసలో అపాయమును తూచుట: మన మాట, అధికారి వ్రాత

చిత్తూరునుండి వేలూరునకు, అనంతపురమునుండి బళ్ళారికి, శ్రీకాకుళమునుండి బరంపురమునకు పిల్లనిచ్చుటయు, అటనుండి కోడలిని తెచ్చికొనుటయు మనవారిలో తరతరములుగ సాగుచున్న ఆచారము. ఇచ్చిపుచ్చుకొనువారి ఇంటిభాష తెలుగే. కాని కోడలు కాపురమున్న ఊరి పోలీసు ఠాణాలో వ్రాత తమిళముననో, కన్నడముననో, ఒడియాలోనో ఉండును. మామూలు దినములలో ఈ భేదము ఎవరికిని తట్టదు. ఇంట హింస పుట్టి ఆమె ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పుడు మాత్రము ఆమె నోటి మాటకును అధికారి వ్రాతకును నడుమ కొంత జారిపోవును. జారిపోవునది ఒక్కొక్కమారు ఆమె ప్రాణమునకు సంబంధించిన మాటయే. గృహహింస ఫిర్యాదు వచ్చినప్పుడు స్థానిక న్యాయ యంత్రాంగము అపాయమును ఎట్లు తూచును, తూచిన పిమ్మట ఏమి చేయును, ఆ తూకమున మన భాష ఎచ్చట తప్పిపోవును అను విషయములను ఇచ్చట వివరింపదలచితిని.

ఇది ఏదో కొద్ది ఇండ్లలోని సంగతి యనుకొనుటకు వీలులేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, భర్త చేతి హింసను ఎప్పుడో ఒకప్పుడు అనుభవించితిమని చెప్పిన వివాహిత స్త్రీలు కర్ణాటకమున నూటికి సుమారు 44 మంది, తమిళనాట సుమారు 38 మంది. దేశము మొత్తము మీద హింసకు గురియైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరి సహాయమును కోరలేదు, ఎవరికిని చెప్పుకొననూ లేదు. కనుక ఠాణా మెట్లెక్కిన స్త్రీ తొలి దెబ్బకే వచ్చినదని తలచుట చాలవరకు పొరపాటు.

మన దేశమున దీనికి రెండు విధములైన చట్టములు కలవు. 1983లో భారత శిక్షాస్మృతిలో చేర్చబడిన 498-ఎ సెక్షను భర్తయు అతని బంధువులును చేయు క్రూరత్వమును నేరముగ నెంచెను. 2024 జులై 1 నుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహితలోని 85, 86 సెక్షనులు అమలులో నున్నవి. ఇది జరిగినదానికి శిక్ష. 2005లో చేయబడి 2006 అక్టోబరు 26న అమలులోనికి వచ్చిన గృహహింస నిరోధక చట్టము వేరు. అది జరుగబోవుదానికి అడ్డు. కొట్టుట, తిట్టుట, లైంగిక హింస, ఇంటి ఖర్చునకు డబ్బీయకుండుట, స్త్రీధనమును లాగికొనుట ఇవన్నియు ఆ చట్టమున హింసయే. అపాయమును తూచు పని ముఖ్యముగ ఈ రెండవ చట్టము క్రిందనే జరుగును.

ఈ చట్టమునకు ఇరుసువంటివాడు రక్షణాధికారి. ఈ బాధ్యత ఎవరిదన్నది రాష్ట్రమును బట్టి మారును. కర్ణాటకమున శిశు అభివృద్ధి పథకాధికారులకు దీనిని అప్పగించినారు. తమిళనాట సాంఘిక సంక్షేమ శాఖ క్రింద జిల్లాలలో రక్షణాధికారులున్నారు. ఠాణాకే పోవలెనని లేదు. బాధితురాలే పోవలెననియు లేదు. పొరుగింటివారు, ఉపాధ్యాయుడు, ఎవరైనను సమాచారమీయవచ్చును. సద్బుద్ధితో ఇచ్చినవారిపై ఏ దావాయు నిలువదని 4వ సెక్షను చెప్పుచున్నది. నోటిమాటగ చెప్పినదానిని అధికారి వ్రాసికొని, సంతకము చేయించి, ప్రతిని ఉచితముగ ఈయవలెను.

అపాయమును తూచుటకు అధికారి చేతిలో రెండు పత్రములుండును. మొదటిది గృహ సంఘటన నివేదిక, అనగా నిబంధనలలోని 1వ ఫారము. ఏ దినమున, ఏ వేళ, ఎచ్చట, ఎవరు, ఏ విధమైన హింస చేసిరి అని దానిలో వరుసగ వ్రాయవలెను. దాని ప్రతులు మెజిస్ట్రేటునకును పోలీసులకును పోవును. రెండవది భద్రతా ప్రణాళిక, 5వ ఫారము. న్యాయస్థానమున దరఖాస్తు పడిన పిమ్మట, పరిస్థితిలోని ప్రమాదమును అంచనా కట్టి, బాధితురాలితో సంప్రదించి ఈ ప్రణాళికను తయారు చేయవలెనని 8వ నిబంధన రక్షణాధికారిని ఆదేశించుచున్నది.

ఈ 5వ ఫారమును మన సంఘములవారు ఒక్కసారియైన చూచియుండవలెనని నా కోరిక. అందు ఒక గడిలో హింస, పక్క గడిలో దాని ఫలితము, ఆపై గడిలో బాధితురాలి భయము, చివర కావలసిన రక్షణయు కోరు ఉత్తరువులును ఉండును. భయపు గడిలో ప్రశ్నలు సూటియైనవి: ఇది మరల జరుగునని భయమా? ఇంతకంటె ముదురునని భయమా? గాయపడుదునని భయమా? హింస గడిలో గొంతు నులుముటకు ప్రయత్నము, బిడ్డలను కొట్టుట, ఆత్మహత్య చేసికొందునని భర్త బెదరించుట, త్రాగుడు, పూర్వపు నేరచరిత్ర వేరు వేరుగ పేర్కొనబడినవి. "నేనే చచ్చిపోదును" అని ఏడ్చు మగవానిని చూచి మన పెద్దలు జాలిపడుదురు. ఫారము మాత్రము దానిని అపాయ చిహ్నముగనే లెక్కించును. అట్లు లెక్కించుటకు కారణము కలదు. అమెరికాలో జాక్వెలిన్ కాంబెల్ అను నర్సింగు ఆచార్యురాలు 1980ల నుండి చేసిన పరిశోధనలలో, భార్య ప్రాణము తీయు హింసకు ముందు తరచుగ కనబడు గుర్తులలో గొంతు నులుముట, చంపుదునను బెదరింపు, హింస క్రమముగ ముదురుట, భర్త ఆత్మహత్య బెదరింపు, భార్య విడిచిపోవుట అనునవి తేలినవి. విడిచిపోవుట యను మాటను గమనింపవలెను. పుట్టింటికి చేరినది గదా, ఇక భయము లేదని మన మనుకొను ఆ దినములే కొన్ని కాపురములలో మిక్కిలి ప్రమాదకరమైనవి.

మన దేశపు ఫారములలో మార్కులు వేసి కూడు పద్ధతి లేదు. గడులలో వ్రాసిన మాటలే తూకపు రాళ్ళు. కనుక మాట తప్పిన తూకము తప్పును.

దీనికి నేనే సాక్షిని. తమిళనాట ఒక పట్టణమున, కొన్నేండ్ల క్రిందట, మా బడి పిల్లవాని తల్లికి తోడుగ నేనొక ఠాణాకు పోవలసి వచ్చెను. ఆమెకు తమిళము అంగడి బేరముల మేరకే వచ్చును. "తాగొచ్చి చేయి చేసుకున్నాడు సార్. గొంతు పట్టుకున్నాడు. నీ అంతు చూస్తానన్నాడు" అని ఆమె చెప్పగా నేను తమిళమున చెప్పితిని. అచ్చట వ్రాయబడినది దంపతుల నడుమ కలహమనియు, గాయములు లేవనియు. నాకు కోపము వచ్చెను. ఇంటికి వచ్చి యోచింపగ సగము తప్పు నాదేయని తెలిసెను.

"చేయి చేసికొనుట" అను మన పలుకుబడియే దెబ్బను మెత్తన చేయును. తమిళమున "కై నీట్టినాన్" అన్న కొట్టెనని అర్థము రాగలదు. దానినే తెలుగున "చేయి చాచెను" అన్నచో యాచించెనని యగును. "అంతు చూచుట" అనగా చంపుదునని బెదరించుట. మాటకు మాట మార్చిన అది అర్థము లేని వాక్యము. అన్నిటికంటె పెద్ద పొరపాటు గొంతును గూర్చినది. తెలుగున గొంతు వేరు, మెడ వేరు. తొందరలో నేను "కళుత్తు" అంటిని. అది మెడ. మెడ పట్టి గెంటెనని ఆ వ్రాయువారు గ్రహించిరి. గొంతు నులిమిన వేళ పైచర్మముపై గుర్తు పడకపోవచ్చును, లోపలి గాయము మాత్రము ప్రాణాంతకము కావచ్చును. అట్టిచోట "గాయములు లేవు" అను రెండు మాటలు ఎంతటి తప్పుత్రోవ పట్టించునో వేరుగ చెప్పనక్కరలేదు.

తరువాత రక్షణాధికారిణి ఆమెను ఒంటరిగ కూర్చుండబెట్టి, నాచేతనే అడిగించినది మూడు ప్రశ్నలు: ఊపిరి ఆడెనా? కన్నులకు చీకట్లు క్రమ్మెనా? పిమ్మట గొంతు మారెనా? "రెండు నాళ్ళు మాట రాలేదు" అని ఆమె చెప్పెను. వెంటనే వైద్యపరీక్షకు పంపిరి, నివేదిక తిరుగవ్రాయబడెను.

అపాయము తీవ్రమని తేలినప్పుడు చట్టము ఏమి చేయగలదు? హింస జరుగుచున్నదని గాని, జరుగబోవుచున్నదని గాని ఫోను ద్వారా నమ్మదగిన కబురందినను, రక్షణాధికారి పోలీసుల తోడుతో ఆ చోటికి పోయి నివేదిక వ్రాసి మెజిస్ట్రేటునకు అందింపవలెనని 9వ నిబంధన. పోలీసులకు 112, మహిళా సహాయమునకు 181 ఫోను నెంబరులు. దరఖాస్తు అందిన మూడు దినములలో సాధారణముగ తొలి విచారణ జరుగవలెను. అరువది దినములలో తీర్పునకు ప్రయత్నింపవలెను. అవసరమైన, ఎదుటివాని వాదము వినకయే మధ్యంతరాజ్ఞ ఈయవచ్చును. భార్యను ఇంటినుండి వెడలగొట్టరాదని, ఆమె పనిచేయు చోటికి పోరాదని ఆజ్ఞాపింపవచ్చును. రక్షణ ఉత్తరువును మీరిన ఏడాది వరకు చెర, 20,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును. అది పోలీసులు నేరుగ పట్టుకొనదగిన, బెయిలు హక్కు లేని నేరము. స్త్రీకి ఆదాయముతో నిమిత్తము లేక న్యాయ సేవాధికార సంస్థ ఉచితముగ వకీలు నిచ్చును.

సరిహద్దు దాటి కాపురమునకు పోయిన మన ఆడపడుచులకు 27వ సెక్షను మిక్కిలి ఉపయోగకరము. ఆమె తాత్కాలికముగనైన నివసించుచున్న చోటి న్యాయస్థానమున దరఖాస్తు పెట్టవచ్చును. ఆ ఉత్తరువు దేశమంతట చెల్లును. హోసూరు కోడలు కుప్పమున పుట్టింట నుండి తన భాషలోనే ఫిర్యాదు చేసికొనవచ్చునన్న మాట.

కాగితముమీది యీ యేర్పాటు ఎల్లచోట్ల ఇట్లే నడుచుచున్నదని చెప్పజాలను. పలుచోట్ల రక్షణాధికారికి వేరు ఉద్యోగముపై ఇది అదనపు భారము. జిల్లా, తాలూకా స్థాయిలలో రక్షణాధికారులను గుర్తించి నియమింపవలెనని సుప్రీంకోర్టు 2025 మేలో రాష్ట్రములను ఆదేశింపవలసి వచ్చెను. 1992లో మదరాసు థౌజండ్ లైట్సున మొదలై తమిళనాట వ్యాపించిన మహిళా పోలీసు ఠాణాలు స్త్రీ నోరు విప్పుటకు చోటిచ్చినవి. ఐనను ఏ ఠాణాలోనైనను, మన పెద్దల పంచాయతిలోవలెనే, తొలి మాట రాజీయే. చట్టములోని సలహా విధానము ఇట్టిది కాదు. సలహాదారు ఎదుట ప్రతివాది తన హింసను సమర్థించుకొనరాదని, ఆ సంగతి అతనికి ముందుగనే తెలుపవలెనని 14వ నిబంధన. "ఆమె ఎదురు మాటాడినది గనుక కొట్టితిని" అను వాదమునకు అచ్చట తావు లేదు.

భాష విషయమున చట్టము కొంత మౌనము. బాధితురాలికి హక్కులు తెలుపు 4వ ఫారము ఇంగ్లీషున గాని, స్థానిక భాషలో గాని ఉండవలెనని యున్నది. మూడవ భాష ఇంటిభాషయైన స్త్రీని గూర్చి నిబంధన తలంపలేదు. కాని రాజ్యాంగమున 350వ అధికరణము కలదు. రాష్ట్రమున వాడుకలో నున్న ఏ భాషలోనైనను అధికారికి విన్నపము నీయవచ్చునని దాని భావము. కనుక ఆమె చెప్పినది చెప్పినట్లు తెలుగున వ్రాయించి, సంతకము చేయించి, నివేదికకు జతపరుపవచ్చును. 1వ ఫారమున జతపరచు పత్రములకు చోటున్నది. దుబాసీగ పోవువారు అత్తింటి బంధువులు కారాదు. ఆమె బిడ్డలు అసలే కారాదు. పలుకుబడిని మాటకు మాట మార్చక, ఏ చేయి, ఏ వస్తువు, ఎంతసేపు అని అడిగి చెప్పవలెను.

ఆ తల్లికి మెజిస్ట్రేటు మధ్యంతరాజ్ఞ నిచ్చిరి. ఉత్తరువు ఇంగ్లీషున నుండుటచే చదివి చెప్పు పని మరల నాకే వచ్చెను. గొంతు నులిమినట్లు వ్రాసిన చోటికి రాగానే ఆమె నన్నాపి, ఆ వాక్యమును ఇంకొకసారి చదువుమనెను.