నీడలో పైరు పండదా? సౌర ఫలకల సాగుపై అపోహలు – వాస్తవాలు

సౌర ఫలకలు పాతిన పొలం ఇక సాగుకు పనికిరాదని, నీడ పడితే పైరు చస్తుందని చాలామంది అంటారు. మైదానంలో చెల్లే మాటేమో గాని ఆంధ్ర మన్యంలోని సీలేరు కొండల్లో చెల్లదు. గూడెం కొత్తవీధి, చింతపల్లి, అరకు ప్రాంతాల్లో అరబికా కాఫీ సిల్వర్ ఓక్ నీడలోనే కాస్తోంది. ఆ మానులకే మిరియాల తీగ పాకుతోంది. చాలా పైర్ల ఆకులు మిట్టమధ్యాహ్నపు ఎండలో కొంత భాగాన్నే ఆహారంగా మార్చుకోగలవు, మిగతాది వాటిని వేడెక్కించి నీరు లాగేస్తుంది. పసుపు, అల్లం కొంత నీడను ఓర్చుకుంటాయి. చోళ్లు, సామలు, మొక్కజొన్న అలా కాదు, ఎండ ఎంతుంటే అంతా వాడుకుంటాయి. అందుకే ఫలకల కింద ఏదైనా పండుతుందన్నది కూడా అపోహే, పైగా ఫలకలు అమ్మేవాళ్లకు ఇష్టమైన అపోహ.

చల్లని దేశాల్లో అసలే ఎండ తక్కువ, అక్కడ ఇది కుదరదన్నది ఇంకో వాదన. కానీ ఫలకల కింద సాగు అనే ఆలోచనను 1981లోనే ప్రతిపాదించింది జర్మనీ శాస్త్రవేత్తలు గోట్జ్‌బెర్గర్, జాస్ట్రో. ఆ దేశంలోనే హెగెల్‌బాఖ్ పొలంలో ట్రాక్టర్ దూరేంత ఎత్తున ఫలకలు పెట్టి చూస్తే, 2017లో బంగాళాదుంప దిగుబడి 18 శాతం, గోధుమ 19 శాతం తగ్గాయి. ఎండలు మండి వానలు మొహం చాటేసిన 2018లో అదే చేలో బంగాళాదుంప 11 శాతం, గోధుమ 3 శాతం పెరిగాయి. నేల తడిగా ఉన్నప్పుడు నీడ నష్టం, తడి కరువైనప్పుడు లాభం. ఈ లెక్కన మన్యంలో మబ్బు పట్టిన శ్రావణ భాద్రపదాల పైరుకంటే, వానలు వెళ్లాక వేసే పైరుకే నీడ మేలు చేయాలి. వాలు నేలలో మరో చిక్కుంది: ఫలక అంచు నుంచి వాన ధారగా ఒకేచోట పడి మట్టిని కోస్తుంది. అక్కడ గట్టో గడ్డి వరుసో తప్పదు.

భూమి కంపెనీల పాలవుతుందన్న భయాన్ని మాత్రం అపోహ అని కొట్టిపారేయలేం. భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1/70 చట్టం, సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పు గిరిజన భూములకు కాపలా ఉన్నాయి సరే, కానీ ఫలకలు ఎవరివన్నదే అసలు ప్రశ్న. 2019లో వచ్చిన కేంద్ర సౌర విద్యుత్ పథకం పీఎం కుసుమ్ రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు కూడా చిన్న ప్లాంట్లు పెట్టుకోనిస్తుంది. సాగుభూమిలోనైతే కింద పైరు వేసుకునేలా ఎత్తైన స్తంభాలపై పెట్టమంటుంది. ఆ స్తంభాల ఇనుముకు ఖర్చెక్కువ. కొండ రైతు ఒక్కడే దాన్ని మోయలేడు, సంఘంగా పెట్టుకుంటే తప్ప.