కంప్యూటరుకు కానరాని స్పీకరు

తీగ లేకుండా పలికే స్పీకర్లు ఇప్పుడు మన ఇళ్ళలో సామాన్యమైపోయినవి. పొరుగు రాష్ట్రాలలో స్థిరపడిన మన కుటుంబాలకు ఇవి వట్టి వినోద వస్తువులు కావు. ఆకాశవాణి తెలుగు కేంద్రాల ప్రసారాలు ఇంటర్నెట్టు ద్వారా వస్తున్నవి గనుక, చూపు మందగించిన పెద్దలకు రోజూ నాలుగు తెలుగు మాటలు చెవిని పడే మార్గం ఇదే అయిన ఇళ్ళున్నవి. అటువంటి ఇంట కొత్త స్పీకరు సెల్ ఫోనుతో చక్కగా పలికి, బల్లమీది కంప్యూటరుకు మాత్రం కనిపించకపోతే ఏమి చేస్తారు? చెడ్డ సరుకని మూలపడవేస్తారు. లేదా మరమ్మతుదారు అడిగినంతా ఇచ్చుకుంటారు. చాలాసార్లు స్పీకరులో దోషమే ఉండదు. ఈ క్రింది సంగతులు వరుసగా చూసుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది.

బ్లూటూత్ అనేది ఒక చిన్న రేడియో. 10వ శతాబ్దంలో డెన్మార్కును ఏలిన హెరాల్డ్ రాజు మారుపేరు దీనికి పెట్టారు. ఎరిక్సన్, ఇంటెల్, ఐ.బి.ఎం., నోకియా, తోషిబా కంపెనీలు 1998లో కలిసి దీనికొక సంఘం ఏర్పరచినవి. పాట పంపేటప్పుడు ఈ రేడియో 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 79 మార్గాల మధ్య సెకనుకు 1600 సార్లు మారుతూ ఉంటుంది. ఇంటి సామానులో దీని అందుబాటు సుమారు 10 మీటర్లు. దీనినిబట్టి మనం గ్రహించవలసినవి రెండు: రేడియో రెండువైపులా ఉండాలి, ఆ రెండింటికీ మొదట ఒకసారి పరిచయం జరగాలి. ఆ పరిచయానికే ‘పెయిరింగ్’ అని పేరు.

మొదట కంప్యూటరులో బ్లూటూత్ ఉన్నదా అని చూడండి. ల్యాప్‌టాపులలో దాదాపు అన్నిటికీ ఉంటుంది. బల్లమీది కంప్యూటర్లకు ఉండి తీరాలని లేదు. ‘స్టార్ట్’ బొత్తాముపై మౌస్ కుడి మీట నొక్కి ‘డివైస్ మేనేజర్’ తెరవండి. ఆ పట్టీలో ‘బ్లూటూత్’ అనే శీర్షిక లేకపోతే, ఎంత వెదికినా స్పీకరు కనిపించదు. యు.యస్.బి. రంధ్రంలో పెట్టే బొటనవ్రేలి గోరంత ‘డాంగిల్’ కొనుక్కుంటే సరిపోతుంది. కొన్ని పెట్టెలకు వెనుకవైపు బిగించే ఏంటెన్నాలు రెండు వస్తవి. వాటిని అట్టపెట్టెలోనే వదిలేస్తే రేడియో ఉండీ స్పీకరును అందుకోలేదు.

రెండవది, స్పీకరు సిద్ధంగా ఉన్నదా? స్పీకరు వెలిగించగానే తనకు పాత పరిచయమున్న ఫోనును వెదికి పట్టుకుంటుంది. అప్పుడు కంప్యూటరుకు కనిపించదు. కనుక ముందు ఇంట్లోని ఫోన్లన్నిటిలో బ్లూటూత్ ఆపివేయండి. తరువాత స్పీకరు మీది బ్లూటూత్ గుర్తుగల బొత్తామును, దీపం వడివడిగా మిణుకుమనేవరకు, కొన్ని క్షణాలు నొక్కి పట్టండి. ఈ స్థితి కొద్ది నిమిషాలే ఉంటుంది. ఈలోపలే కంప్యూటరులో వెదకాలి.

మూడవది వెదికే పద్ధతి. విండోస్ 11లో ‘సెట్టింగ్స్’, అందులో ‘బ్లూటూత్ అండ్ డివైసెస్’, అందులో ‘యాడ్ డివైస్’ నొక్కండి. అయినా కనిపించకపోతే, ‘డివైసెస్’ పుటలో క్రిందుగా ‘బ్లూటూత్ డివైసెస్ డిస్కవరీ’ అని ఉంటుంది. దానిని ‘డిఫాల్ట్’ నుండి ‘అడ్వాన్స్‌డ్’కు మార్చండి. స్పీకరు పేరు పాత పట్టీలో ఉండి కూడ కలవకపోతే, ‘రిమూవ్ డివైస్’తో ఆ పేరు తీసివేసి పరిచయం మళ్ళీ మొదలుపెట్టాలి.

నాలుగవది తావు. డాంగిలును ఇనుప పెట్టె వెనుక, గోడవైపు పెడితే అలలు ముందుకు రావడం కష్టం. అంతేకాదు, యు.యస్.బి. 3.0 రంధ్రాలు పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే రొద పుట్టిస్తవని ఇంటెల్ సంస్థ 2012లో ప్రకటించింది. కనుక డాంగిలును ముందువైపు రంధ్రంలో గాని, చిన్న పొడిగింపు తీగతో బల్లమీద గాని ఉంచడం మేలు. మైక్రోవేవ్ పొయ్యికి దూరంగా ఉంచడం కూడ మంచిది.

నిన్నటిదాకా పలికి ఈరోజు హఠాత్తుగా మాయమైతే, మందు వేరు. ‘ఫాస్ట్ స్టార్టప్’ సౌకర్యం ఉన్న కంప్యూటరు ‘షట్ డౌన్’ చేసినా పూర్తిగా విశ్రమించదు. కనుక మూసివేసిన తరువాత గోడనుండి ప్లగ్గు తీసి, ఒక నిమిషం ఆగి మళ్ళీ పెట్టండి. చిక్కుకుపోయిన బ్లూటూత్ ఇంతమాత్రానికే తేరుకోవడం కద్దు. అప్పటికీ లేకపోతే కంప్యూటరు తయారుచేసిన కంపెనీ సొంత వెబ్‌సైటునుండి బ్లూటూత్ ‘డ్రైవర్’ తెచ్చుకుని వేసుకోవాలి.

స్పీకరు కలిసి కూడ ధ్వని రాకపోతే, తెర క్రిందిమూల స్పీకరు బొమ్మ దగ్గర ధ్వని ఏ దారిన పోతున్నదో చూసి, కొత్త స్పీకరు పేరు ఎన్నుకోండి. మాటలాడే సమయంలో పాట బొంగురుపోయినట్లుంటే, స్పీకరులోని మైకు వాడుకలోకి వచ్చిందన్నమాట. వేరే మైకును ఎన్నుకుంటే స్వరం చక్కబడుతుంది.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక. స్పీకరు కనిపించలేదని ఇంటర్నెట్టులో సహాయపు ఫోను నంబర్లు వెదికి, అక్కడ దొరికినవారికి కంప్యూటరును దూరంనుండి నడిపే అధికారం ఇవ్వకండి. కంపెనీ మనుషులమని చెప్పి బ్యాంకు ఖాతాలు ఖాళీచేసే మోసగాళ్ళు ఈ దారిలోనే కాచుకుని ఉంటారు. బ్లూటూత్ సరిచేయడానికి ఓ.టి.పి. అవసరమే రాదు. ఎవరైనా అడిగితే అది మోసమని అక్కడే ఫోను పెట్టివేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయక 1930కు ఫోను చేయాలి.

పిల్లలు ఉద్యోగాలకు దూరప్రాంతాలు వెళ్ళిన ఇళ్ళలో ఈ పనులు పెద్దలే చేసుకోవలసి ఉంటుంది. సెలవులకు వచ్చిన పిల్లలు స్పీకరును తాము కలిపిపెట్టి ఊరుకోక, ఏ బొత్తాము ఎంతసేపు నొక్కాలో పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాసి కంప్యూటరు ప్రక్కన అంటించిపోతే, తరువాత వారి అమ్మానాన్నలు ఎవరికోసమూ ఎదురుచూడనక్కరలేదు.