వంశావళి ఘనమే, ఆరోగ్యానికి హామీ ఏది?

జర్మన్ షెపర్డ్, లాబ్రడార్, రాట్‌వీలర్, గ్రేట్ డేన్ వంటి పెద్ద జాతి శునకాల పెంపకం ఒకనాడు పోలీసు శాఖకు, సంపన్నుల బంగళాలకు పరిమితమైన వ్యవహారం. నేడు అది మధ్యతరగతి ఇళ్లకూ విస్తరించింది. గిరాకీతో పాటే 'కాగితాలున్న పిల్ల'కు ధరా పెరిగింది. అయితే ఆ కాగితాలు దేనికి రుజువో, దేనికి కావో విచారించకుండా సొమ్ము చెల్లించేవారే అధికం.

రెండు నమోదులు వేర్వేరు

చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా జారీ చేసే ధ్రువపత్రం కుక్కపిల్ల తల్లిదండ్రులెవరో, పూర్వ తరాలేవో తెలుపుతుంది. అది వంశానికి మాత్రమే సాక్ష్యం. చట్టరీత్యా పెంపకందారుకు ఉండవలసిన నమోదు వేరు. జంతు హింస నిరోధక చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2017లో జారీ చేసిన నిబంధనల ప్రకారం, కుక్కపిల్లలను ఈనించి విక్రయించేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద పేరు నమోదు చేసుకోవాలి. ఆ పత్రాన్ని కొనుగోలుదారులకు కనిపించేలా ప్రదర్శించాలి. ఒక పత్రం చూపి రెండవది అడగవద్దనే విక్రేతను అనుమానించక తప్పదు.

ఎనిమిది వారాలు నిండని పిల్లను విక్రయించరాదని ఆ నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి. పద్దెనిమిది నెలలు నిండని ఆడ కుక్కను, ఎనిమిదేళ్లు దాటినదానిని ఈతకు వినియోగించరాదు. ఏడాదికి ఒకటికి మించి, జీవితకాలంలో ఐదుకు మించి ఈతలు ఉండరాదు. టీకాలు వేసి, మైక్రోచిప్ అమర్చిన తరువాతనే పిల్లను అప్పగించాలి. ఆ చిప్ సంఖ్య పత్రాలలోని సంఖ్యతో సరిపోలుతున్నదో లేదో కొనుగోలుదారు అక్కడికక్కడే చూసుకోవడం మేలు.

తల్లిదండ్రుల ఎక్స్‌రేలు కీలకం

పెద్ద జాతులను పీడించే రుగ్మతలలో తుంటి కీలు లోపం ముఖ్యమైనది. ఇది చాలావరకు వంశపారంపర్యంగా సంక్రమిస్తుంది. రెండు నెలల పిల్ల చలాకీగా గంతులు వేసినంత మాత్రాన కీళ్లు నిర్దుష్టమని నిర్ణయించలేము. కనీసం ఏడాది వయసు నిండిన తల్లిదండ్రులకు తీయించిన తుంటి ఎక్స్‌రే నివేదికలే ఆ దశలో లభించే ముఖ్య ఆధారం. ప్రదర్శనలలో గెలిచిన పతకాలు ఆ నివేదికలకు ప్రత్యామ్నాయం కావు.

కొన్న తరువాత యజమాని చేసే పొరపాట్లూ తక్కువేమీ కాదు. పిల్ల త్వరగా ఏపుగా ఎదగాలన్న ఆత్రుతతో మితిమీరిన ఆహారం, పశువైద్యుని సలహా లేకుండా కాల్షియం టానిక్కులు ఇవ్వడం పరిపాటి. పెద్ద జాతులలో అధిక కాల్షియం, అతివేగపు ఎదుగుదల ఎముకలకు, కీళ్లకు చేటు తెస్తాయి. గ్రేట్ డేన్ వంటివి పూర్తిగా ఎదగడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది. అంతకాలపు తిండి, వైద్యం ఖర్చుల ముందు కొనుగోలు ధర తొలి వాయిదా మాత్రమే.

నగరవాసులు స్థానిక సంస్థ లైసెన్సు నిబంధనలనూ ముందుగానే విచారించాలి. రాట్‌వీలర్ సహా 23 జాతుల విక్రయం, పెంపకం నిలిపివేయాలని కేంద్రం 2024 మార్చిలో రాష్ట్రాలకు లేఖ రాయగా, కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దానిని కొట్టివేసింది.

స్వదేశీ జాతులకూ పరీక్ష

మన వాతావరణానికి అలవాటు పడిన ముధోల్, రాజపాళయం, చిప్పిపారై జాతులకు 2020లో జాతీయ స్థాయి గుర్తింపు లభించింది. ఎండను తట్టుకోవడంలో ఇవి మేటి. అయినా జన్మతః వచ్చే లోపాలకు ఇవీ అతీతం కావు. తెల్లని రాజపాళయం శునకాలలో పుట్టు చెవుడు కనిపించడం తెలిసిందే. కనుక స్వదేశీ పిల్ల విషయంలోనూ వినికిడి పరీక్ష అవసరం.

తల్లి కుక్కను, అది ఉండే తావును చూపడానికి వెనుకాడని పెంపకందారు వద్దనే బేరం కుదుర్చుకోవాలి. పిల్లను నడివీధిలోనో బస్టాండులోనో చేతికందిస్తామంటే, కాగితాలెన్ని ఉన్నా ఆ బేరం మానుకోవడమే ఉత్తమం.