చక్కెర సీమలో గోలీల గోల!

బోధన్‌ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్‌ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. ఒంట్లో షుగర్‌ మాత్రం ఏ గల్లీలో అడిగినా ఉంది. అదే ఫ్యాక్టరీలో పనిచేసిన మా పెద్దనాయినకు 18 ఏళ్లుగా ఉంది.

పోయినేడు కాళ్లు వాస్తే నిజామాబాద్‌లోని ఓ దవాఖానలో చేర్పించాం. క్రియాటినిన్‌ 2.8. షుగర్‌ వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. రెండోరోజు తెల్లారుజామున ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. చూస్తే షుగర్‌ 48! గ్లూకోజ్‌ ఎక్కించాక తేరుకున్నాడు.

కారణం మంచం పక్కనున్న కవర్లోనే దొరికింది. వార్డులో ఇన్సులిన్‌ ఇస్తున్నారు. ఇంటి నుంచి తెచ్చుకున్న గ్లైబెన్‌క్లమైడ్‌ కూడా ఆయన వేసుకున్నాడు. వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు. "రోజూ ఏసుకునే గోలీయే కద బిడ్డా!" అన్నాడు.

తిరకాసంతా అక్కడే ఉంది. ఒంట్లోని ఇన్సులిన్‌ను, చాలా మందులను తొలగించడంలో కిడ్నీలకూ పెద్ద పాత్ర ఉంది. అవి నెమ్మదిస్తే మందు రక్తంలో ఎక్కువసేపు ఉండిపోతుంది. నిన్నటిదాకా సరిపోయిన డోసే ఇవాళ ఎక్కువైపోతుంది.

వీటితో జాగ్రత్త

* మెట్‌ఫార్మిన్‌: కిడ్నీల పనితీరు చెప్పే ఈజీఎఫ్‌ఆర్‌ 45 కంటే తగ్గితే డోసు తగ్గిస్తారు. 30 కంటే తగ్గితే ఆపేస్తారు.

* నొప్పి గోలీలు: మోకాళ్ల నొప్పులకు మెడికల్‌ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌ లాంటివి కిడ్నీలకు రక్తం తగ్గిస్తాయి. బీపీ గోలీ, వాపు తగ్గించే గోలీ వాడేవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువ.

* టెల్మిసార్టన్‌: కిడ్నీలను కాపాడే మందే. కానీ పొటాషియం పెంచొచ్చు. రక్తపరీక్ష చేయించాలి, సొంతంగా ఆపొద్దు.

* యాంటీబయాటిక్స్‌: కొన్నింటి డోసు ఈజీఎఫ్‌ఆర్‌ను బట్టి మారుతుంది.

మనం చేయగలిగింది

ఇంట్లో పెద్దవాళ్ల గోలీల షీట్లన్నీ పేరు కనబడేలా ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పక్కనే చివరి క్రియాటినిన్‌, ఈజీఎఫ్‌ఆర్‌, తేదీ రాయండి. దవాఖానలో చేరేటప్పుడు, డిశ్చార్జ్‌ అయ్యేటప్పుడు డాక్టర్‌కు చూపించి "ఏది ఆపాలి? ఏది తగ్గించాలి? ఏది కొత్తది?" అని అడగండి. షుగర్‌ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో అల్బుమిన్‌ పరీక్ష కూడా తప్పనిసరి.

ఈ మాటే చెబితే పెద్దనాయిన నవ్వాడు. "ఫ్యాక్టరీల షిఫ్ట్‌ మారితే, ఏ మిషన్‌ ఎట్లున్నదో చెప్పి చార్జ్‌ అప్పజెప్పేటోళ్లం. గోలీలకు గూడ గట్లనే ఉండాలె."