క్రియాటిన్ పొడి: గుట్ట ఎక్కుడుకు ఎంత అక్కరకొస్తది?

మొన్న మా మేనల్లుడు ఫోన్ చేసిండు. "మామా, క్రియాటిన్ డబ్బా కొంటున్న, పైసలు సర్దుతవా?" అన్నడు. ఐతారం ఐతారం దోస్తులతోని ధర్మసాగర్ దిక్కు ఇనుపరాతి గుట్టలల్ల సైకిల్ తొక్కుతడు. ఎక్కుడు కాడ ఎనుకబడుతున్నడట. ఈ పొడి తాగితె గుట్ట ఉరికి ఎక్కుతవని జిమ్ముల ఎవరో చెప్పిన్రట. పైసల సంగతి తర్వాత, ముందుగాల ముచ్చట అర్థం చేసుకో అన్న. మీకు సుత గదే చెప్తున్న.

క్రియాటిన్ కొత్తగ పుట్టింది కాదు. 1832ల ఫ్రాన్స్ శాస్త్రవేత్త షెవ్రూల్ మాంసం నుంచి దీన్ని వేరు చేసిండు. మన పెయ్యి తానే రోజుకు 1 గ్రాము దాకా తయారు చేసుకుంటది. మాంసం, చేపలు తింటె ఇంకింత వస్తది. పెయ్యిల ఉన్నదాంట్ల 95 శాతం కండలల్లనే ఉంటది.

కండకు శక్తి ఏటీపీ అనే పదార్థం నుంచి వస్తది. పాణం పెట్టి తొక్కితె అది కొన్ని సెకన్లల్లనే అయిపోతది. అప్పుడు క్రియాటిన్ ఫాస్ఫేట్ దాన్ని మళ్ల నింపుతది. అది సుత 10 సెకన్ల ముచ్చటే, జేబుల చిల్లర అసొంటిది. ఆ తర్వాత ఖర్చంత తిన్న బువ్వ, పీల్చిన గాలి మీదనే.

గుట్టల సైకిల్ పందెం 1996 నుంచి ఒలింపిక్స్‌ల ఉన్నది. గంటకు మీదికె సాగుతది. అంటె అది దమ్ము ఆట. క్రియాటిన్‌తోని దమ్ము అంతగ పెరగది. కాని పందెం షురువుల ఉరుకుడు, నిట్టనిలువు చిన్న ఎక్కుడు, ముందటోన్ని దాటుడు, ఇవన్ని మళ్ల మళ్ల వచ్చే సెకన్ల పనులు. అక్కడ కొంత సాయం చేస్తది. మాంసం తిననోళ్లకు కండలల్ల నిల్వ తక్కువుంటది, వాళ్లకు గుణం ఎక్కువ కనవడొచ్చు.

ఇంకో లెక్క చూడున్రి. ఇది కండలల్లకు నీళ్లు గుంజుతది. మొదటి దినాలల్ల 1, 2 కిలోల బరువు పెరగొచ్చు. పిల్లగాడు 60 కిలోలు, సైకిల్ 14 కిలోలు, మొత్తం 74. ఒక్క కిలో పెరిగినా ఎక్కుడు పొడుగూత 75 కిలోలు గుంజాలె.

రోజుకు 3 నుంచి 5 గ్రాములు చాలు. మూడు, నాలుగు వారాలల్ల కండ నిండుతది. ఇది నిషేధిత మందుల జాబితాల లేదు. ఆరోగ్యమున్నోళ్లకు ఈ మోతాదుల కిడ్నీ ఖరాబైనట్టు పరిశోధనలల్ల తేలలే. రక్త పరీక్షల క్రియాటినిన్ ఎక్కువ చూపియ్యొచ్చు, తాగుతున్నట్టు డాక్టర్‌కు చెప్పాలె. కిడ్నీ బీమారి, బీపీ, షుగర్ ఉన్నోళ్లు, 18 ఏండ్లు నిండనోళ్లు డాక్టర్‌ను అడగకుంట ముట్టొద్దు.

కవర్లల్ల పోసి అమ్మే పొడి అసలే కొనొద్దు. డబ్బా మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల నంబర్ చూడున్రి. కల్తీల స్టెరాయిడ్ ఉంటె, డోపింగ్ పరీక్షల దొరికేది ఆటగాడే, అమ్మినోడు కాదు.

మేనల్లునికి ఒక్కటే చెప్పిన. రెండు నెలలు వారానికి రెండుసార్లు చిన్న ఎక్కుడు కాడ 10 సెకన్లు పూర్తి బలంతోని తొక్కు, రెండు నిమిషాలు దమ్ము తీసుకో, గట్ల ఆరు సార్లు. గుడ్లు, పప్పు, పల్లీలు కడుపునిండ తిను, రాత్రి ఫోన్ పక్కన పెట్టి పండు. అటెన్క జేబుల పైసలు మిగిలితె కొనుక్కో, అప్పు చేసి మాత్రం వద్దు.

2022ల ఊరూరికి క్రీడా ప్రాంగణం బోర్డులు పెట్టిన్రు. ఆట నేర్పేటోళ్లను సుత పెట్టుంటె, మా పిల్లగాడు ఈ ముచ్చట జిమ్ముల అడుగకపోవు.