కొలువు కాలిఫోర్నియాలోనా? ఫెర్రెట్‌కి ప్రవేశం లేదు!

డాలస్‌లో ఎంఎస్ చేస్తూ ఫెర్రెట్‌ను పెంచుకుంటున్నారనుకోండి. చూడ్డానికి మన ముంగిసలా ఉండే బుజ్జి జంతువది. ఇంతలో కాలిఫోర్నియా కంపెనీ నుంచి ఆఫర్ లెటర్! సంతోషమే గానీ, ఆ రాష్ట్రంలో ఫెర్రెట్ పెంపకం నిషేధం. హవాయిలోనూ అంతే. న్యూయార్క్ నగరంలోనూ కుదరదు.

ఎవరు చూస్తారులే అనుకోవద్దు. కాలిఫోర్నియాలోకి వెళ్లే రోడ్ల మీద తనిఖీ కేంద్రాలుంటాయి. వీసా మీద ఉన్నవాళ్లు చట్టంతో ఆటలాడటమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. సంతకం పెట్టకముందే వేరే రాష్ట్రంలో పోస్టింగ్ ఉందేమో హెచ్ఆర్‌ని అడగండి. అడిగితే పోయేదేముంది? కాదంటే, దాన్ని బాగా చూసుకునే స్నేహితుణ్ని ఇప్పట్నుంచే వెతుక్కోవాలి.

సియాటిల్ లాంటి చోటికైతే ఆ బెంగ లేదు. ప్రయాణమే కష్టం. ఆమ్‌ట్రాక్ రైళ్లలో పెంపుడు జంతువులంటే కుక్కలు, పిల్లులే. చాలా విమానాల్లోనూ ఇదే తంతు. ఇక మిగిలింది కారే.

ఫెర్రెట్‌కి వేడి అస్సలు పడదు. 27 డిగ్రీలు దాటితే చాలు, వడదెబ్బ భయం. (మనకది చల్లటి రోజు!) కాఫీ కోసం దిగినా కారులో వదిలేయొద్దు. గడ్డకట్టిన నీళ్ల సీసాకి తువ్వాలు చుట్టి బోనులో పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది. తిన్నది మూడు నాలుగు గంటల్లోనే అరిగిపోతుంది కాబట్టి మేత, నీళ్లు అందుబాటులో ఉంచాలి. ముద్దొస్తోందని బోను తెరిస్తే బ్రేక్ పెడల్ కిందికి దూరినా దూరుతుంది. రేబిస్ టీకా పత్రాన్ని మాత్రం మీ డిగ్రీ సర్టిఫికెట్ల ఫైల్లోనే పెట్టుకోండి.