మీ సంగతి మీరే రాయాలి

మార్కాపురంలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగిసి బయటికి వస్తుండగా, మాకు చాలా కాలంగా తెలిసిన పెద్దమనిషి ఒకాయన దగ్గరకు వచ్చి, జేబులోంచి మడతపెట్టిన రెండు కాగితాలు తీశాడు. ఆయన పలకల ఫ్యాక్టరీలో పాతికేళ్లుగా పని చేస్తున్నాడు. "భాయ్‌సాబ్, మావాడు ఎంబీఏకు దరఖాస్తు పెడుతున్నాడు. దాంట్లో తన గురించి తాను రాసుకోవాలంట. ఇంగ్లీషు బాగుందో లేదో మీరొకసారి చూడండి" అన్నాడు.

ఇంగ్లీషు బాగానే ఉంది. నిజానికి మరీ బాగుంది. చిన్ననాటి నుంచీ నాయకత్వమంటే తనకు మక్కువ అనీ, శరవేగంగా మారుతున్న ప్రపంచ వాణిజ్య రంగంలో సవాళ్లను ఎదుర్కోవడం తన ఆశయమనీ, తమ విద్యాసంస్థ ఖ్యాతి తనను ఎంతగానో ఆకర్షించిందనీ రెండు పేజీలు నిండుగా ఉంది. మార్కాపురం అనే మాట ఎక్కడా లేదు. పలక అనే మాట లేదు. తండ్రి లేడు. చదివిన కాలేజీ పేరు, ఇప్పుడు హైదరాబాద్‌లో చేస్తున్న ఉద్యోగం పేరు మాత్రం ఉన్నాయి. ఆ కాగితం మీద పేరు మార్చి విజయవాడ కుర్రాడో, వరంగల్ అమ్మాయో పంపినా ఎవరికీ అనుమానం రాదు.

ఆ అబ్బాయి మరుసటి ఆదివారం మా ఇంటికి వచ్చాడు. ఇదంతా ఎక్కడిది బాబూ అని అడిగాము. కొంచెం సంకోచించి, "కన్సల్టెన్సీ వాళ్లు నమూనా ఇచ్చారు చాచా. కొంత ఫోన్‌లో అడిగితే రాసిచ్చింది" అన్నాడు.

ఇటువంటి కాగితాలు ఈ మూడు నాలుగేళ్లలో మా దగ్గరకు పదికి తక్కువ రాలేదు. గిద్దలూరు నుంచి, కంభం నుంచి, పొదిలి నుంచి కూడా వచ్చాయి. అందుచేత ఈ వారం ఈ విషయమే రాద్దామనుకున్నాము.

ముందుగా ఒక అపోహ తొలగించాలి. ఎంబీఏ చదవాలనుకునే ప్రతివారికీ ఈ వ్యాసం అక్కర్లేదు. మన రాష్ట్రంలో ఐసెట్ రాసి కౌన్సెలింగ్ ద్వారా కాలేజీలో చేరేవారిని ర్యాంకు తప్ప మరేమీ అడగరు. కలకత్తా, అహ్మదాబాద్‌లలో 1961లో మొదలై, 2015లో విశాఖపట్నం దాకా వచ్చిన ఐఐఎంల రెండేళ్ల కోర్సుకు క్యాట్ మార్కులు మొదటి మెట్టు. అది దాటినవారిని ఇంటర్వ్యూకు పిలుస్తారు. పలు ఐఐఎంలు అక్కడికక్కడే ఒక చిన్న వ్యాసం కూడా రాయిస్తాయి. కాగా కొంతకాలం ఉద్యోగం చేసినవారిని చేర్చుకునే ఏడాది కోర్సులకు, 2001లో హైదరాబాద్‌లో ప్రారంభమైన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వంటి చోట్లకు, విదేశీ విశ్వవిద్యాలయాలకు మాత్రం ఇది తప్పనిసరి. కొందరు పర్సనల్ స్టేట్‌మెంట్ అంటారు, కొందరు ఎస్సే అంటారు, పిల్లల నోట ఎస్‌ఓపీ అని వినిపిస్తుంది. పేరేదైనా అడిగేది ఒకటే: నువ్వెవరు, ఇంతవరకు ఏం చేశావు, ఈ చదువు నీకెందుకు, ఇప్పుడే ఎందుకు, మా దగ్గరే ఎందుకు?

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ బిజినెస్ స్కూలు, నీకు అన్నింటికంటే ముఖ్యమైనది ఏది, ఎందుకు అనే ప్రశ్నను ఏళ్ల తరబడి అడుగుతూ వస్తోంది. హార్వర్డ్ 2024లో ఒక్క పెద్ద వ్యాసానికి బదులు మూడు చిన్న వ్యాసాలు అడగడం మొదలుపెట్టింది. ఇంకొక సంగతి కూడా గమనించాలి. ఈ స్కూళ్లకు రాసే జీమ్యాట్ పరీక్షలో ఇదివరకు ఒక వ్యాసం ఉండేది. 2023 చివరలో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో దాన్ని తీసేశారు. అంటే అభ్యర్థి రాత ఎలా ఉంటుందో, ఆలోచన ఎలా సాగుతుందో చూసేందుకు ఆ స్కూళ్లకు దరఖాస్తులోని కాగితమే ముఖ్య ఆధారంగా మిగిలింది. దాన్ని ఎవరో ఇచ్చిన నమూనాతో నింపితే ఇక చూడటానికి ఏముంటుంది?

మళ్లీ మన అబ్బాయి దగ్గరకు వద్దాము. కాగితాలు పక్కన పెట్టి, ఫ్యాక్టరీలో నువ్వెప్పుడైనా పని చేశావా అని అడిగాము. మొదట లేదన్నాడు. తర్వాత, సెలవుల్లో అబ్బాకు అన్నం తీసుకెళ్లేవాడినని చెప్పాడు. ఆ తర్వాత నెమ్మదిగా అసలు సంగతి బయటపడింది.

మార్కాపురం పలక గురించి మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. గనిలోంచి తీసిన రాయిని పొరలు పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగించి ఒకప్పుడు దేశమంతటా బడిపిల్లల చేతికి పంపిన ఊరిది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. చాలామంది అదే రాయిని గోడలకు, నేలకు పరిచే బిళ్లలుగా కోసి అమ్మడం మొదలుపెట్టారు. ఆ అబ్బాయి తండ్రి పని చేసే చోటా అదే జరిగింది. పలుచని రాతిబిళ్లలు లారీలో దూరం పోయేసరికి కొన్ని పగిలేవి. కొనుగోలుదారు ఆ మేరకు డబ్బు పట్టుకునేవాడు, యజమాని కూలీల మీద కేకలు వేసేవాడు. డిగ్రీ రెండో ఏడాది వేసవిలో ఈ కుర్రాడు ఒక నోటు పుస్తకం తీసుకుని, బిళ్ల ఏ దశలో పగులుతున్నదో నెల రోజులు రాసిపెట్టాడు. కోసేటప్పుడు పగిలేవి తక్కువే. పెట్టెల్లో సర్దేటప్పుడు, లారీకి ఎక్కించేటప్పుడు పగిలేవే ఎక్కువ. పెట్టెలో బిళ్లకూ బిళ్లకూ మధ్య ఏదైనా మెత్తనిది పెడదామన్నాడు. యజమాని ఖర్చన్నాడు. ఒక్క లోడుకు చేసి చూద్దామని బతిమాలాడు. ఆ లోడులో నష్టం తగ్గింది. కానీ సర్దడానికి ఎక్కువ సమయం పట్టి, పెట్టెకింత అని కూలి తీసుకునే ఆడవాళ్లకు ఆ రోజు డబ్బు తక్కువ వచ్చింది. వాళ్లు అతని మీదే కోపం చేశారు. పెట్టెకు కూలి పెంచితే తప్ప ఈ పద్ధతి నిలవదని అప్పుడతనికి అర్థమైంది. ఆ మాట యజమానితో చెప్పేందుకు ధైర్యం చాలలేదు. సెలవులు అయిపోయాయి, వెళ్లిపోయాడు.

ఇది ఎందుకు రాయలేదు నాయనా అని అడిగితే, "అదేముంది చాచా, రాళ్ల ఫ్యాక్టరీ కదా" అన్నాడు.

అతను కాదనుకున్న ఆ సంగతిలోనే మేనేజ్‌మెంటు మొదటి ఏడాది పాఠాలు సగం ఉన్నాయి. నష్టం ఎక్కడ జరుగుతున్నదో ఊహించకుండా లెక్క కట్టడం, చిన్న ఎత్తున చేసి చూడటం, ఒకరికి లాభం చేస్తే మరొకరికి నష్టం రావడం, మనుషులను ఒప్పించలేకపోవడం. అన్నిటికంటే విలువైనది చివరి భాగం, ధైర్యం చాలకపోవడం. ఎక్కడ ఆగిపోయాడో అతనికి తెలుసు. అందుకే ఈ చదువు ఎందుకు అన్న ప్రశ్నకు అతని దగ్గర సొంత జవాబుంది. నమూనా కాగితంలో అది దొరకదు.

మన పిల్లలు రెండు రకాలుగా పొరబడుతున్నారని మాకు తోస్తుంది. మగపిల్లల్లో ఎక్కువమంది ఊరిని, తల్లిదండ్రుల పనిని దాచేస్తారు. రెండో రకం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. గిద్దలూరు నుంచి ఒక అమ్మాయి పంపిన కాగితం నిండా కష్టాలే ఉన్నాయి. తండ్రి పోవడం, తల్లి కుట్టుమిషను, ఫ్లోరైడు నీళ్లు, బంధువుల మాటలు. చదువుతుంటే మాకు కళ్లు చెమర్చాయి. కాని చదవడం ముగించాక ఆ అమ్మాయి ఏం చేసిందో ఒక్క ముక్క కూడా మాకు తెలియలేదు. పేదరికం రాయకూడదని మేమనడం లేదు. రెండు వాక్యాల్లో ఉన్నదున్నట్టు చెప్పి ముందుకు సాగాలి. సీటు ఇచ్చేవారు పడిన కష్టానికి బహుమానం ఇవ్వరు, ఆ కష్టంలో నువ్వు తీసుకున్న నిర్ణయాన్ని చూస్తారు.

ఆ అమ్మాయిని ఫోనులో అడిగితే తెలిసింది: తల్లి ఉన్న డ్వాక్రా గ్రూపు లెక్కలు తొమ్మిదో తరగతి నుంచీ తనే రాసేదట. ఒక సభ్యురాలు వరుసగా మూడు నెలలు కిస్తీ కట్టకపోతే మిగతావాళ్లు ఆమెను తీసేయాలన్నారు. ఈ అమ్మాయి పాత పుస్తకాలు తిరగేసి, ఆమె ప్రతి ఏడూ ఆ నెలల్లోనే వెనకబడి, మిరప కోతల కూలి వచ్చాక కట్టేస్తున్నదని చూపించింది. ఆమె కిస్తీ తేదీలు మార్చారు. బ్యాంకుల్లో అప్పులిచ్చే అధికారులు నేర్చుకునే విద్య ఇదే కదా! ఆ అమ్మాయి కాగితంలో ఇది లేదు, కన్నీళ్లు మాత్రం ఉన్నాయి.

మసీదు పనుల గురించి రాయవచ్చునా అని ఒకరిద్దరు అడిగారు. ఎందుకు రాయకూడదు? రంజాన్‌లో మొహల్లా జకాత్ సొమ్ము వసూలు చేసి, ఎవరికెంత చేరిందో లెక్క అప్పజెప్పిన కుర్రాడు బాధ్యత మోసినట్టే. అయితే చదివేవారికి జకాత్ అంటే తెలియకపోవచ్చు. అది ఏమిటో ఒక వాక్యంలో చెప్పి, తాను చేసిన పని రాయాలి. మార్కాపురం కూడా అంతే. నల్లమల పక్కన, ఆంధ్రప్రదేశ్‌లో, రాతిపలకలకు పేరు పడ్డ పట్టణం అంటే చాలు. కర్నూలు జిల్లాలో ఉండేదనీ, 1970లో ప్రకాశం జిల్లాలో చేరిందనీ చరిత్ర మొదలుపెడితే ఇచ్చిన మూడు నాలుగు వందల మాటలు అక్కడే అయిపోతాయి. అడిగిన మాటల సంఖ్య మించకూడదు సుమా.

మరొక మాట కూడా తరచు కనిపిస్తుంది: వెనుకబడిన మా ప్రాంతాన్ని అభివృద్ధి చేస్తాను. ఉద్దేశం మంచిదే. ఎలా చేస్తారు? వెలిగొండ నీళ్లు మీరు తెస్తారా? దానికంటే, రాతి ఎగుమతి కంపెనీలో సరఫరా విభాగంలో నాలుగేళ్లు పని నేర్చుకుని, ఆపైన మార్కాపురంలోని చిన్న యూనిట్లు కలిసి సరుకు పంపే ఏర్పాటు చేస్తాను అని రాస్తే నమ్మవచ్చు. రేపు మీ ఆలోచన మారినా తప్పులేదు. ఈ రోజు మీకు ఒక దారి కనిపిస్తోందా అన్నదే వారికి కావాలి.

బ్యాక్‌లాగులు, మధ్యలో ఖాళీగా గడిచిన ఏడాది వంటివి దాచవద్దు. ఉన్న సంగతి చెప్పి, సాకులు వెతక్కుండా, ఆ తర్వాత ఏం చేశారో రాయండి. లేని ఉద్యోగాలు, లేని సేవా సంఘాలు సృష్టిస్తే మాత్రం సీటు వచ్చాక కూడా ప్రమాదమే. పేరున్న స్కూళ్లు చాలావరకు చేరేముందు వివరాలు సరిచూస్తాయి. ఒకే కాగితాన్ని పదిమందికి అమ్మే ఏజెంట్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. నకలును పట్టే సాఫ్ట్‌వేర్ స్కూళ్ల దగ్గర కూడా ఉంది. దరఖాస్తు రుసుము పోతే పోయింది, ఇల్లు తాకట్టు పెట్టి చదివించాలనుకున్న తల్లిదండ్రుల మాటేమిటి? విదేశీ చదువు అప్పుపై మైనారిటీ విద్యార్థులకు కేంద్రం వడ్డీ రాయితీ ఇచ్చిన పఢో పర్‌దేశ్ పథకం కూడా 2022తో ఆగిపోయింది. ఈ రోజు అప్పు చేస్తే భారమంతా ఇంటి మీదే.

ఇక ఎలా రాయాలంటే, మాకు తోచిన పద్ధతి ఒక్కటే. ముందు ఇంగ్లీషు జోలికి పోవద్దు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో, ఉర్దూ అయినా తెలుగు అయినా, ఆ భాషలో మీ నానీకి చెప్పినట్టు జరిగిందంతా చెప్పి ఫోనులో రికార్డు చేసుకోండి. తర్వాత విని కాగితం మీద పెట్టండి. అవసరం లేనివి కొట్టేయండి. ఆపైన సాదా ఇంగ్లీషులోకి మార్చండి. వ్యాకరణం ఎవరిచేతనైనా దిద్దించుకోవచ్చు, అందులో తప్పులేదు. సంగతి మాత్రం మీదై ఉండాలి. విదేశీ స్కూళ్లు దరఖాస్తులను విడతలుగా తీసుకుంటాయి. సాధారణంగా మొదటిది సెప్టెంబరులో, రెండోది జనవరిలో ముగుస్తుంది గనుక, రెండు నెలల ముందే మొదలుపెట్టడం మంచిది.

మన అబ్బాయి అలాగే చేశాడు. నాలుగు సార్లు తిరగరాశాడు. చివరి ప్రతి పంపే ముందు రాత్రి, తండ్రికి ఉర్దూలో చదివి వినిపించాడట. ఆయన అంతా విని, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పెట్టెల్లో మనం పెట్టింది కాగితం కాదు బేటా, వరిగడ్డి. కాగితం కొనడానికి యజమాని ఒప్పుకోలేదు, మరిచిపోయావా?" అన్నాడట.

ఆ ఒక్క మాట దిద్ది పంపించాడు. జవాబు ఇంకా రాలేదు.